స్విట్జర్లాండ్ వారం రోజులు: ఏజెంటు ప్లాన్ చూస్తేనే కాళ్ళు లాగుతున్నాయి

పొద్దుతిరుగుడు
జూన్ మొదట్లో, పాపకి బడి తెరవకముందే, స్విట్జర్లాండ్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఏడేళ్ళ పాప, అమ్మా, నాన్నా. నాన్నకి బీపీ, మందులు వాడుతున్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా గుడ్డు వాసన కూడా పడని శాకాహారి. హైదరాబాదులో ఒక ఏజెంటు ఇచ్చిన ప్లాన్ ఇదీ: జ్యూరిక్‌లో దిగిన రోజే రైన్ జలపాతం చూసి లూసెర్న్‌లో పడుకోవడం. మర్నాడు టిట్లిస్ మంచుకొండ. ఆ మర్నాడు ఇంటర్లాకెన్, కొండ మీది రైల్వే స్టేషన్ యుంగ్‌ఫ్రావ్‌యోక్. తర్వాత జెర్మాట్ ఊరు, దాని పైన కొండ గోర్నర్‌గ్రాట్. అక్కణ్ణించి గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్‌లో సెయింట్ మోరిట్జ్. మళ్ళీ జ్యూరిక్, విమానం. ఇంచుమించు ప్రతి రాత్రీ కొత్త హోటలే. ఇంత పరుగు మా అమ్మ వల్ల కాదంటే "అందరూ ఇదే చేస్తారు సార్, ఇందులో ఏది వదిలినా ఇంటికెళ్ళాక బాధపడతారు" అంటాడు. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? వెళ్ళొచ్చినవాళ్ళు, అక్కడ ఉంటున్నవాళ్ళు కాస్త చెప్పండి.

కోనసీమ_కుర్రోడు
ఇది విహారయాత్రలా లేదు గురూ, ఎన్నికల ప్రచారంలా ఉంది. రోజుకో నియోజకవర్గం.

బెర్న్_బాబాయ్
చాలా ఏళ్ళుగా బెర్న్‌లో ఉంటున్నాను. ఎండాకాలం వచ్చిందంటే మనవాళ్ళని తిప్పడమే నాకు ఉద్యోగం. ఈ ప్లాన్‌లో కొండలెన్ని ఉన్నాయో తర్వాత చూద్దాం, పెట్టెలు ఎన్నిసార్లు సర్దాలో ముందు చూడండి. ఐదుగురి సామాను రైలెక్కించడం, దింపడం ఎవరి పని? మీదే. అమ్మగారు మెట్ల దగ్గర ఆగితే చెయ్యి పట్టుకునేదీ మీరే.

రెండు ఊళ్ళు చాలు. మొదట లూసెర్న్, తర్వాత ఇంటర్లాకెన్ చుట్టుపక్కల. జ్యూరిక్ విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్ ఉంది, దిగిన గంటన్నరలోపే లూసెర్న్ చేరొచ్చు. లూసెర్న్ నుంచి ఇంటర్లాకెన్‌కి బ్రూనిగ్ కనుమ మీదుగా రైలుంది, రెండు గంటలకి కాస్త తక్కువ. ఆ రైల్లో కుడివైపు కూర్చోండి. సార్నెన్, లుంగెర్న్ సరస్సులు అటే వస్తాయి. మైరింగెన్‌లో బండి దిక్కు మారి వెనక్కి నడుస్తుంది, అయినా మీరు లేచి అటూ ఇటూ మారొద్దు. బ్రియెంజ్ సరస్సు కూడా మీ కిటికీ వైపే వస్తుంది.

గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్‌కి దాదాపు 8 గంటలు. 291 వంతెనలు, 91 సొరంగాలు, అన్నీ నిజమే. ఏడేళ్ళ పిల్ల 8 గంటలు కిటికీకి అతుక్కుని కూర్చుంటుందా లేదా, అది మీకే తెలియాలి.

మంచుపులి
బాబాయ్‌తో ఒక్క విషయంలోనే పేచీ: రెండు ఊళ్ళు అంటే యుంగ్‌ఫ్రావ్‌యోక్ ఎగ్గొట్టమని మాత్రం అర్థం చేసుకోకండి. 3,454 మీటర్ల ఎత్తున స్టేషన్, యూరప్‌లో అంతకంటే ఎత్తున మరో రైల్వే స్టేషన్ లేదు. 1896లో మొదలుపెట్టి 1912లో పూర్తి చేశారు. ఐగర్, మోంక్ కొండల కడుపులోంచి తొలిచిన సొరంగం అది. మొదలుపెట్టిన గుయర్-జెల్లర్ 1899లోనే పోయాడు, పైదాకా బండి వెళ్ళడం చూడలేదు పాపం. పైన నిలబడితే ఎదురుగా అలెట్ష్ హిమానీనదం, ఆల్ప్స్ మొత్తంలో అదే పెద్దది. స్విట్జర్లాండ్ దాకా వెళ్ళి అది చూడకుండా వస్తారా?

వరంగల్_వాసు
చూసినం అన్నా, మేం మొత్తం చూసినం. తెల్లగ. ముంగట తెలుపు, ఎనుక తెలుపు, కింద తెలుపు. మా బామ్మర్దిని పక్కన నిలబెట్టి ఫోటో దిగితే ఆడు కూడ కనిపియ్యలే. మనిషికి 200 ఫ్రాంకులు దాటింది టికెట్. ఫ్రాంకు నూరు రూపాయల పైమాటే, లెక్క మీరే ఏస్కోండ్రి.

కోనసీమ_కుర్రోడు
వాసు అన్నా, ఆ ఫోటో పెట్టు. ఫ్రేము కట్టించుకుంటాం.

వరంగల్_వాసు
తెల్ల కాయితం తీస్కొని చూడు తమ్మీ, అదే.

మంచుపులి
మబ్బున్న రోజు వెళ్తే ఏ కొండైనా అంతే కదా. వెబ్‌క్యామ్ చూడకుండా టికెట్ ఎందుకు కొన్నారు?

వరంగల్_వాసు
కొన్నది మేం గాదన్నా. ప్యాకేజిల రెండు నెలల ముందే తారీఖు బుక్ అయిపోయింది. ఆ పొద్దు పోకుంటే పైసల్ వాపస్ రావన్నరు. అందుకే చెప్తున్న, కొండకు తారీఖు ముందుగాల పెట్టొద్దు.

బెర్న్_బాబాయ్
వాసు మాట కళ్ళకద్దుకోండి. ఇక్కడివాళ్ళెవరూ మూడు వారాల ముందు "ఫలానా మంగళవారం ఫలానా కొండ" అని రాసుకోరు. పొద్దున లేవగానే ఆ కొండ వెబ్‌క్యామ్ చూస్తారు, అది ఉచితమే. చాలా హోటళ్ళలో టీవీలోనే ఒక ఛానల్లో కొండలన్నీ వరసగా చూపిస్తూ ఉంటారు. కింద వాన పడుతున్నా పైన ఎండ కాయొచ్చు, కింద ఎండ ఉన్నా శిఖరం మబ్బులో ఉండొచ్చు. ఇంటర్లాకెన్‌లో ఆకాశం చూసి 3,454 మీటర్ల సంగతి చెప్పలేం. యుంగ్‌ఫ్రావ్ టికెట్ ఆ పొద్దున కొన్నా దొరుకుతుంది. రద్దీ నెలల్లో పై బండికి సీటు రిజర్వేషన్ మాత్రం ముందురోజు రాత్రి వాతావరణం చూసుకుని చేసుకోండి.

ఒకే ఊళ్ళో నాలుగు రాత్రులు ఉండమనేది కూడా ఇందుకే. నాలుగింటిలో తెరిపినిచ్చిన రోజు చూసి ఎక్కుతారు. రోజుకో హోటల్ అయితే ఆ వీలుండదు.

డాక్టరమ్మ_గుంటూరు
నాన్నగారి బీపీ గురించి ఎవరూ మాట్లాడలేదేం? యుంగ్‌ఫ్రావ్‌యోక్ ఎత్తులో ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. పైగా గ్రిండెల్‌వాల్డ్ అనే ఊరి నుంచి ఇప్పుడు ఐగర్ ఎక్స్‌ప్రెస్ అని కేబుల్ కారు ఉంది, 2020 డిసెంబరులో వచ్చింది. 15 నిమిషాల్లో ఐగర్‌గ్లెట్షర్, అక్కడ రైలెక్కితే అరగంటలోపే పైన. అంత తొందరగా ఎక్కితే ఒంటికి సర్దుకునే వ్యవధి ఉండదు. బీపీ అదుపులో ఉండి, గుండె జబ్బు లేకపోతే చాలామందికి పెద్ద ఇబ్బంది రాదు, కానీ ఈయన్ని చూస్తున్న డాక్టర్ని అడిగి కానీ వెళ్ళొద్దు. పైకి చేరాక గబగబా నడవొద్దు, మెట్లు పరుగున ఎక్కొద్దు, నీళ్ళు తాగుతూ ఉండాలి. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం మొదలైతే "ఇంత డబ్బు పెట్టాం కదా" అని కూర్చోకుండా తర్వాతి బండికే దిగిపోవాలి. కిందికి వస్తే తేలికపడుతుంది.

పొద్దుతిరుగుడు
థాంక్స్ డాక్టర్ గారూ, నాన్నని వచ్చేవారం కార్డియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తున్నా, అడుగుతా. వాసు గారి ఫోటో సంగతి ఇంట్లో చదివి వినిపిస్తే అమ్మ "అయితే నేను కింద సరస్సు ఒడ్డునే కూర్చుంటా, మీరెళ్ళి రండి" అంది. సరస్సుల గురించి చెప్పండి ఎవరైనా.

బస్సెక్కిన_బైరాగి
మీ అమ్మగారే ఈ చర్చలో తెలివైన మాట మాట్లాడారు.

ఇంటర్లాకెన్ ఊరు రెండు సరస్సుల మధ్య ఉంది. పడమర తూన్ సరస్సు, తూర్పున బ్రియెంజ్ సరస్సు, రెంటినీ ఆరె నది కలుపుతుంది. బ్రియెంజ్ నీళ్ళు ఆకుపచ్చా నీలమూ కలిసిన రంగు. హిమానీనదం రాతిని అరగదీస్తే వచ్చే సన్నటి పిండి ఆ నీళ్ళలో తేలుతుంటుంది, రంగు దానివల్లే. ఫోటోల్లో చూసి కంప్యూటర్లో దిద్దారనుకుంటాం, కాదు. ఇంటర్లాకెన్ ఓస్ట్ (తూర్పు) స్టేషన్ పక్కనే పడవ ఎక్కితే గంటంపావుకి బ్రియెంజ్. దారిలో గీస్‌బాక్ రేవులో దిగితే కొండ మీంచి అంచెలంచెలుగా దూకే జలపాతం. రేవు నుంచి పైకి 1879 నాటి ఫ్యునిక్యులర్ (తాడుతో లాగే) బండి ఉంది, కాబట్టి మోకాళ్ళకి శ్రమ లేదు. వేసవిలో కొన్ని పడవలు ఆవిరివి, పక్కల పెద్ద చక్రాలు తిరుగుతాయి. బ్రియెంజ్‌లో 1914 నాటిది, తూన్‌లో 1906 నాటిది ఇంకా నడుస్తున్నాయి. లోపల ఇంజను కనిపించేలా ఉంటుంది. పాప అక్కణ్ణించి కదలదు, మీ నాన్నగారు కూడా కదలరని నా అనుమానం.

కొండ ఎక్కితే రెండు గంటలు చూసి దిగిపోతాం. పడవలో కూర్చుంటే కొండలే వరసగా నీ ముందుకొస్తాయి.

మంచుపులి
బైరాగి గారూ, కింద కూర్చుని కొండని చూడ్డానికి అంత దూరం ఎందుకు, మంగళగిరిలో కూర్చోవచ్చుగా.

బస్సెక్కిన_బైరాగి
మంగళగిరి కొండ కింద పానకం దొరుకుతుంది, అదొక లాభం.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
రైళ్ళ గొడవెందుకు, కారు తీసుకోండి. ఐదుగురికి టికెట్ల కంటే చవక. హైవే స్టిక్కరు 40 ఫ్రాంకులు, ఏడాదంతా చెల్లుతుంది.

బెర్న్_బాబాయ్
ఫణీ, నువ్వు జర్మనీ అలవాటుతో చెప్తున్నావ్. వెంగెన్, మ్యూరెన్, జెర్మాట్ మూడూ కార్లు వెళ్ళని ఊళ్ళు. జెర్మాట్‌కైతే టేష్‌లో కారు పెట్టి, షటిల్ రైలెక్కాలి. మిగతా రెంటికీ లౌటర్‌బ్రున్నెన్‌లో కారు పెట్టాలి, జూన్‌లో అక్కడ పార్కింగ్ దొరకడం గగనం. వేగం దాటితే ఇక్కడి జరిమానాలు మామూలుగా ఉండవు. అయినా కారులో ఒకడు రోడ్డు చూడాలి. రైల్లో ఐదుగురూ కిటికీ చూడొచ్చు.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
రాడార్ జరిమానా సంగతి ఒప్పుకుంటా. ఇంటికి ఉత్తరం వచ్చింది. అంతకంటే చెప్పను.

లెక్కల_లలిత
టికెట్ల గురించి నేను చెప్తాను, ఇక్కడే అందరూ తికమక పడేది. రెండు రకాలు. స్విస్ ట్రావెల్ పాస్ అంటే 3, 4, 6, 8, 15 రోజులకి దొరుకుతుంది. రైళ్ళు, బస్సులు, సరస్సుల పడవలు, ఊళ్ళలో ట్రాములు, 500కి పైగా మ్యూజియాలు, అన్నీ అందులోనే. రిగి, స్టాన్సర్‌హార్న్, ష్టోస్ కొండలు కూడా పూర్తిగా ఉచితం. రెండోది హాఫ్ ఫేర్ కార్డు, నెల రోజులు చెల్లుతుంది, దాదాపు అన్ని టికెట్లూ సగం ధర.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే యుంగ్‌ఫ్రావ్ దగ్గర. ట్రావెల్ పాస్ గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ దాకానే, అక్కణ్ణించి పైకి 25 శాతం తగ్గింపు మాత్రమే. హాఫ్ ఫేర్ కార్డు ఉంటే పైదాకా సగం. గోర్నర్‌గ్రాట్, టిట్లిస్‌లకి రెంటికీ సగమే. అంటే ఏజెంటు చెప్పినట్టు ఖరీదైన కొండలన్నీ ఎక్కేవాళ్ళకి హాఫ్ ఫేర్ లాభం. బైరాగి గారు చెప్పినట్టు పడవలు, రైళ్ళు, రిగి అంటూ తిరిగేవాళ్ళకి పాస్ లాభం. ముందు ఏం చూస్తారో తేల్చుకుని తర్వాత కార్డు కొనాలి. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు, ముందు పాస్ కొనేసి "డబ్బులు రాబట్టాలి" అని పొద్దుణ్ణించి రాత్రిదాకా రైళ్ళలోనే ఉంటారు.

పాపకి ఫ్యామిలీ కార్డు అడగండి, డబ్బులు తీసుకోరు. 6 నుంచి 15 ఏళ్ళ పిల్లలకి పాస్ ఉన్న అమ్మానాన్నలతో ప్రయాణం ఉచితం. తాతయ్యతో ఒంటరిగా వెళ్తే వర్తించదు, చూసుకోండి.

కోనసీమ_కుర్రోడు
లలితక్క మా ఇంటి బడ్జెట్ కూడా వేసిపెడితే బావుణ్ణు.

వరంగల్_వాసు
రిగి ఫ్రీ అంటున్రు గద, అది బాగుంటదా? లేకుంటే ఫ్రీ గాబట్టి బాగుంటదా?

లెక్కల_లలిత
బాగుంటుంది కాబట్టే చెప్పాను వాసు గారూ! ఎత్తు 1,798 మీటర్లే, కాబట్టి పెద్దవాళ్ళకి ఊపిరి సమస్య ఉండదు. లూసెర్న్ నుంచి పడవలో విట్జ్‌నావ్, అక్కణ్ణించి పళ్ళ చక్రాల రైలు. 1871లో మొదలైంది, యూరప్‌లో మొదటి కొండ రైలు అదే. పైన చదునైన దారులు, బెంచీలు, ఆవులు. చుట్టూ చూస్తే సరస్సులు, దూరాన మంచుకొండల వరస. పక్కనే పిలాటస్ ఇంకా ఎత్తు, దాని రైలు వాలు 48 శాతం, ప్రపంచంలో పళ్ళ చక్రాల రైళ్ళలో అంత నిటారుగా ఎక్కేది వేరే లేదు. దానికి పాస్‌తో సగం ధర.

మంచుపులి
రిగి మీద మంచు ఉండదుగా జూన్‌లో. పాప మంచు అడగదా?

పొద్దుతిరుగుడు
అడగడమా? మూణ్ణెల్లుగా అదే జపం. మంచుబొమ్మ చెయ్యాలట. మా ఆవిడకేమో మంచులో చీరకట్టుకుని ఒక ఫోటో కావాలట, చిన్నప్పట్నుంచీ సినిమా పాటల్లో చూసి.

కోనసీమ_కుర్రోడు
హీరోకి లెదర్ కోటు, మఫ్లరు, చేతికి గ్లవుజులు. హీరోయిన్‌కి షిఫాన్ చీర. నిర్మాత న్యాయం.

బెర్న్_బాబాయ్
ఆ పాటల పుణ్యమే ఇంటర్లాకెన్‌లో యశ్ చోప్రా కంచు విగ్రహం. 2016లో పెట్టారు. చీరకట్టుకోండమ్మా, తప్పులేదు, లోపల థర్మల్స్ వేసుకుని. నల్ల కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు, మంచు మీద ఎండ చాలా ఘోరంగా కొడుతుంది.

పాప మంచు సంగతికొస్తే, యుంగ్‌ఫ్రావ్‌యోక్ మీద, టిట్లిస్ మీద ఏడాది పొడుగునా ఉంటుంది. జూన్ మొదట్లో రెండువేల మీటర్ల పైన దారుల్లోనూ అక్కడక్కడా మిగిలి ఉంటుంది. ఫిర్స్ట్ కొండ మీద బాక్‌ఆల్ప్ సరస్సు కొన్నేళ్ళు ఆ రోజుల్లో ఇంకా గడ్డకట్టే ఉంటుంది. కాబట్టి ఫోటోల్లో నీలం నీళ్ళు చూసి అమ్మగారిని గంటసేపు నడిపించకండి.

వరంగల్_వాసు
నన్నడిగితే జెర్మాట్ మాత్రం తీసెయ్యకుండ్రి. మ్యాటర్‌హార్న్ కొండ ఒక్కటి చాలు. ఎంత సేపు చూసినా కడుపు నిండదు. 4,478 మీటర్లు, ఒక్కటే నిటారుగ నిలబడి ఉంటది. ఇంటర్లాకెన్ కెళ్ళి పొద్దున బండెక్కితే స్పీట్స్, విస్ప్ మీదికెళ్ళి రెండు గంటల పైన, మళ్ళ రాత్రికి ఒచ్చెయ్యొచ్చు. గోర్నర్‌గ్రాట్ రైలు 1898 నుంచి నడుస్తున్నదట. కిందికొచ్చేటప్పుడు రోటెన్‌బోడెన్ కాడ దిగితే చిన్న కుంటల మ్యాటర్‌హార్న్ తలకిందులు కనిపిస్తది.

మంచుపులి
వాసూ, యుంగ్‌ఫ్రావ్ వద్దని జెర్మాట్ ఎక్కిస్తున్నావా! ఆ కొండని 1865లో మొదటిసారి ఎక్కినవాళ్ళు ఏడుగురు, దిగేటప్పుడు తాడు తెగి నలుగురు జారిపడి చనిపోయారు. మ్యూజియంలో ఆ తెగిన తాడు చూశావా?

వరంగల్_వాసు
చూసిన. అందుకే రైలెక్కిన.

బెర్న్_బాబాయ్
రెండూ వద్దు, ఒకటి చాలు. ఏదన్నది వెబ్‌క్యామ్ తేలుస్తుంది. గోర్నర్‌గ్రాట్ 3,089 మీటర్లు, యుంగ్‌ఫ్రావ్ కంటే కాస్త నయం, అయినా మూడువేలు దాటింది కాబట్టి డాక్టరమ్మ చెప్పిందే దీనికీ వర్తిస్తుంది.

ఉప్పుడుపిండి
తిండి గురించి ఎవరైనా మాట్లాడతారేమో అని ఎదురు చూస్తున్నా. అమ్మగారు గుడ్డు కూడా తినరు అన్నారు కదా. హోటల్ బదులు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. మీగ్రో, కోప్ దుకాణాల్లో బాస్మతి బియ్యం, పెరుగు, కూరగాయలు, కందిపప్పు లేకపోయినా ఎర్ర పప్పు దొరుకుతాయి. పొడులు, పచ్చళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోండి. నెయ్యి, పాలకోవా లాంటివి మాత్రం వద్దు, యూరప్ బయటి నుంచి పాల సరుకులు, మాంసం తేవడం నిషేధం. ఎండుమిర్చి పోపు పెట్టేముందు కిటికీ తెరవండి, పొగ అలారం మోగితే బిల్డింగంతా కిందికి దిగుతుంది.

బయట తినాలంటే రోష్టీ, బంగాళాదుంపల అట్టు. అందులో కొన్నిసార్లు పంది మాంసం ముక్కలు వేస్తారు, అడిగి తీసుకోండి. ఫాండ్యూ అంటే కరిగించిన చీజ్ వంటకం, అందులో వైను కూడా పోస్తారు, అది పడదనుకుంటే ముందే తెలియాలి కదా. చీజ్ కోసం పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్ వాడేవాళ్ళు ఎక్కువ, అంత పట్టింపు ఉంటే అదీ చూసుకోవాలి. యుంగ్‌ఫ్రావ్‌యోక్ పైన ఇండియన్ బఫే ఉంది. రుచి మాట అడక్కండి, 3,454 మీటర్ల ఎత్తున వేడివేడి పప్పన్నం అన్నదే దాని రుచి.

ఆదివారం దుకాణాలు మూత. పెద్ద స్టేషన్లలోవి మాత్రం తెరిచి ఉంటాయి. శనివారం సాయంత్రమే పాలూ పెరుగూ తెచ్చిపెట్టుకోండి.

కోనసీమ_కుర్రోడు
నీళ్ళ సీసా కొనొద్దు. వీధిలో కొళాయి తొట్లు కనిపిస్తాయి, తాగొద్దని రాసి లేకపోతే పట్టుకు తాగెయ్యడమే. మా నాన్న ఆ నీళ్ళు తాగి "మన బోరు నీళ్ళే నయం, ఇందులో ఉప్పదనం లేదు" అన్నాడు.

నీలిగిన్నె
ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్ని, ఇవాళ రాస్తున్నా. మా అత్తగారిని తీసుకెళ్ళాం, ఆవిడకీ మోకాళ్ళే. వానపడే రోజు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. లౌటర్‌బ్రున్నెన్ లోయలో ట్రుమ్మెల్‌బాక్ అని కొండ లోపల జలపాతాలు, పదంచెలు. ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ హిమానీనదాల కరుగు నీళ్ళన్నీ అక్కడికే, సెకనుకి 20,000 లీటర్ల దాకా. లోపల లిఫ్టు ఉంది, కానీ తడి మెట్లూ ఉన్నాయి. అత్తగారు లిఫ్టు దిగి కొంతదూరం చూసి ఆగిపోయారు, ఆ హోరుకే దణ్ణం పెట్టుకున్నారు. బ్రియెంజ్ దగ్గర బాలెన్‌బెర్గ్‌లో దేశం నలుమూలల నుంచి పాత పల్లె ఇళ్ళు విప్పి తెచ్చి మళ్ళీ కట్టారు, అదీ బావుంటుంది. లూసెర్న్‌లో అయితే రవాణా మ్యూజియం, పిల్లలకి సగం రోజు సరిపోతుంది.

బస్సెక్కిన_బైరాగి
నీలిగిన్నె గారూ, ఓషినెన్ సరస్సు వెళ్ళారా? కాండర్‌స్టెగ్ నుంచి కేబుల్ కారు, పైన అరగంట నడక. నడవలేనివాళ్ళకి చిన్న ఎలక్ట్రిక్ బండి కూడా ఉంది. నన్నడిగితే కొండల మధ్య సరస్సుల్లో దానికి మించింది లేదు.

నీలిగిన్నె
వెళ్ళాం. దాని గురించి చెప్తే జనం ఇంకా పెరుగుతారని ఊరుకున్నా.

బెర్న్_బాబాయ్
జనం సంగతంటే, బ్రియెంజ్ ఒడ్డున ఇసెల్ట్‌వాల్డ్ అని చిన్న పల్లె ఉంది. ఒక కొరియన్ సీరియల్లో అక్కడి చెక్క రేవు కనిపించినప్పటి నుంచి ఫోటోల కోసం బస్సులు బస్సులు దిగుతున్నారు. పంచాయతీవాళ్ళు విసిగి 2023లో రేవు మీద గేటు పెట్టారు, లోపలికి 5 ఫ్రాంకులు. పక్కన ఒడ్డు మీంచి అదే కొండ, అవే నీళ్ళు, ఉచితం.

మంచుపులి
ఒక మాట, పేచీ కోసం కాదు. నేను హిమానీనదం చూడమని పట్టుబట్టేది అది ఉండగానే చూడమని. 2022, 2023 రెండేళ్ళలోనే స్విస్ హిమానీనదాలు తమ మంచులో 10 శాతం పోగొట్టుకున్నాయి. ఫుర్కా కనుమ దగ్గర రోన్ హిమానీనదం అంచుకి ఎండాకాలం తెల్లటి దుప్పట్లు కప్పుతారు, కరగకుండా. 2025 మే 28న లోట్షెన్ లోయలో హిమానీనదం కూలి బ్లాటెన్ ఊరు దాదాపు మొత్తం పూడిపోయింది. ముందుగానే 300 మందిని ఖాళీ చేయించారు కాబట్టి ఊరివాళ్ళు దాదాపు అందరూ బతికారు. మా పాప పెద్దదయ్యాక చూపిస్తాలే అనుకునే వస్తువు కాదు అది.

బస్సెక్కిన_బైరాగి
దీనికి నా దగ్గర ఎదురుమాట లేదు. అలెట్ష్ చూడాలంటే యుంగ్‌ఫ్రావ్ ఒక్కటే దారి కాదని మాత్రం చెప్తా. వాలే అనే రాష్ట్రం వైపు బెట్మర్‌ఆల్ప్, ఫీష్ ఊళ్ళ నుంచి కేబుల్ కార్లున్నాయి, పక్కనుంచి ఆ హిమానీనదం వంపంతా కనిపిస్తుంది, ఖర్చు తక్కువ. కేబుల్ కార్లకి ఏడాదికి రెండు విడతల మూత ఉంటుంది, ఆ తారీఖులు చూసుకుని వెళ్ళండి.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
ఆస్ట్రియా అయితే ఇందులో సగం ఖర్చు. హాల్‌స్టాట్, సాల్జ్‌బర్గ్.

కోనసీమ_కుర్రోడు
ఫణి గారు ప్రతి చర్చాదారంలో దేశం మార్చేస్తారు.

లెక్కల_లలిత
వీసా మాట: షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. జూన్ అంటే అందరూ పోటీ పడే కాలం, హైదరాబాదు కేంద్రంలో స్లాట్ ఇప్పుడే చూడండి. పెద్దలకి రుసుము 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి 45. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. నాన్నగారికి పాత జబ్బులకి కూడా వర్తించే బీమా తీసుకోండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. హోటళ్ళు రద్దు చేసుకునే వీలున్నవే బుక్ చెయ్యండి.

పొద్దుతిరుగుడు
కొత్త ప్లాన్ రాశా, తిట్టాలంటే ఇప్పుడే తిట్టండి. దిగిన రోజు నేరుగా లూసెర్న్, రైన్ జలపాతం తీసేశాను. అక్కడ మూడు రాత్రులు: పాత చెక్కవంతెన, పడవలో రిగి, వానొస్తే రవాణా మ్యూజియం. తర్వాత బ్రూనిగ్ రైల్లో, కుడివైపు, ఇంటర్లాకెన్. నాలుగు రాత్రులు, వంటగది ఉన్న ఇల్లు. బ్రియెంజ్ పడవ, లౌటర్‌బ్రున్నెన్, వీలైతే ఓషినెన్. తెరిపి ఉన్న రోజు యుంగ్‌ఫ్రావ్: నేను, ఆవిడ, పాప. డాక్టరు సరేనంటే నాన్న కూడా. జెర్మాట్, సెయింట్ మోరిట్జ్, గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ లేవు. ఏజెంటుకి చెప్తే "అంతదూరం వెళ్ళి పడవెక్కుతారా సార్" అన్నాడు.

వరంగల్_వాసు
జెర్మాట్ తీసేసినవ్. మనసుకైతే కష్టమే గని, ప్లాన్ మంచిగున్నది.

లెక్కల_లలిత
ఇందులో పెద్ద కొండ ఒక్కటే ఉంది, పడవలు, రైళ్ళు ఎక్కువ. అమ్మగారికి పాస్, యుంగ్‌ఫ్రావ్ ఎక్కేవాళ్ళకి హాఫ్ ఫేర్, రెండు రకాలుగానూ వేసి చూడండి. ఇంట్లో అందరికీ ఒకే కార్డు ఉండాలని ఎక్కడా లేదు. ఏ రైలు, ఏ పడవ ఎన్ని సార్లో ఇక్కడ రాస్తే నేను కూడి చెప్తా.

బెర్న్_బాబాయ్
ఇల్లు ఇంటర్లాకెన్ ఓస్ట్ స్టేషన్ దగ్గర చూసుకోండి, వెస్ట్ దగ్గర కాదు. కొండ రైళ్ళు, బ్రియెంజ్ పడవ, లూసెర్న్ రైలు మూడూ ఓస్ట్ నుంచే. ఇంటివాళ్ళిచ్చే గెస్ట్ కార్డు అడిగి తీసుకోండి, ఊళ్ళో బస్సులు ఉచితం. రాత్రి 10 దాటితే గోల చెయ్యకూడదు, పాపకి ముందే చెప్పండి.

కోనసీమ_కుర్రోడు
పాపకి కాదు బాబాయ్, నాన్నగారికి చెప్పాలి. ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడేది వాళ్ళే.

చలిచీమ
ఈ దారం మొత్తం చదివా. మేం డిసెంబరు చివర్లో వెళ్తున్నాం, ఇదే ప్లాన్ పనికొస్తుందా?

బెర్న్_బాబాయ్
చాలావరకు మారుతుంది. ట్రుమ్మెల్‌బాక్ చలికాలం మూత, పిలాటస్ పళ్ళ రైలు ఆగిపోతుంది, బ్రియెంజ్ పడవలు ఎండాకాలంలోలా నడవవు. సాయంత్రం ఐదు కాకముందే చీకటి. పిల్లలున్నారా, స్కీయింగ్ చేస్తారా, ఆ వివరాలతో వేరే దారం తెరవండి, అక్కడ చెప్తా.